ఏఐ ఏజెంట్ జవాబును కార్డులుగా, బటన్లుగా చూపించాలంటే: ఆరు దారుల్లో ఏది మీకు సరిపోతుంది?

చాట్ విండోలో అక్షరాలు పారుతున్నంత వరకు ఏజెంట్ కట్టడం తేలికగానే అనిపిస్తుంది. ఆ తర్వాత అసలు కోరిక బయటికొస్తుంది. బస్సుల లిస్టు పేరాలుగా కాదు, కార్డులుగా కావాలి. సీటు అక్కడే ఎంచుకోవాలి. డబ్బు కట్టే బటన్ కూడా అక్కడే ఉండాలి. అదీ ఏజెంట్ పని ముగిశాక ఒక్కసారిగా కాదు, పని జరుగుతుండగానే ఒక్కొక్కటిగా కనిపించాలి.

దీనికి ఇప్పుడు ఆరు దారులైనా ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలా టీములకు టూల్ కాల్‌ను (మోడల్ ఏదో పని కోసం మీ ప్రోగ్రామ్‌ను పిలవడం) సొంత కాంపొనెంట్‌కు (ముందే రాసిపెట్టుకున్న స్క్రీన్ ముక్కకు) కలిపే దారి సరిపోతుంది. మిగతావాటికి వెళ్ళాలంటే గట్టి కారణం ఉండాలి. ఆ కారణాలు ఏమిటో చూద్దాం.

## పేర్ల గందరగోళం

ఏజీ-యూఐ, ఏ2యూఐ, ఎంసీపీ యాప్స్, ఏఐ ఎస్‌డీకే... వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "వీటిలో ఏది మంచిది" అని అడిగితే జవాబు దొరకదు. ఇక్కడ మూడు పొరలున్నాయి.

కింది పొర రవాణా, అంటే డేటా సర్వర్ నుంచి బ్రౌజర్‌కు చేరే మార్గం: ఎస్‌ఎస్‌ఈ (సర్వర్ ఒకవైపుగా ఈవెంట్లు పంపే పద్ధతి), వెబ్‌సాకెట్ (రెండువైపులా పారేది), మామూలు ఫెచ్ స్ట్రీమ్. మధ్య పొర ఈవెంట్లది. "రన్ మొదలైంది", "టెక్స్ట్ ముక్క వచ్చింది", "టూల్ కాల్ మొదలైంది" అని సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే తీరు ఇందులోకి వస్తుంది. కోపైలట్‌కిట్ వాళ్ళు 2025లో తెచ్చిన ఏజీ-యూఐ ఈ మధ్య పొరకు చెందింది. పేరులో యూఐ (స్క్రీన్ మీద కనిపించే రూపం) ఉన్నా బటన్ ఎలా ఉండాలో అది చెప్పదు. పై పొర మాత్రమే స్క్రీన్ మీద ఏం కనిపించాలో తేలుస్తుంది. గూగుల్ 2025 డిసెంబర్‌లో బయటపెట్టిన ఏ2యూఐ అక్కడిది. అందుకే ఆ రెండూ పోటీదారులు కావు, ఒకదాని మీద ఒకటి కలిసి నడవగలవు.

ఈ వ్యాసంలో ఎంపిక ప్రధానంగా పై పొర గురించే. రవాణా గురించి చివర్లో మాట్లాడుకుందాం.

## వేటిని బట్టి ఎంచుకోవాలి

ఉదాహరణకు ఒకరు ఇలా టైప్ చేశారనుకోండి: "రేపు రాత్రి విజయవాడ నుంచి హైదరాబాద్‌కి స్లీపర్ బస్సులు చూపించు, పదిహేను వందల లోపు." ఏజెంట్ వెతకాలి, కార్డులు చూపాలి, సీటు క్లిక్ అందుకోవాలి, బుక్ చేసే ముందు అనుమతి అడగాలి.

స్క్రీన్ మీద అధికారం ఎవరిది? మీ కోడ్‌దా, మోడల్‌దా, బయటి కంపెనీదా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. మోడల్‌కు ఎంత స్వేచ్ఛ ఇస్తే అంత వైవిధ్యం వస్తుంది, అంత ప్రమాదమూ వస్తుంది.

సగం వచ్చిన డేటాతో ఏం చేస్తుంది? దీన్ని చాలామంది డెమో అయ్యాకే పట్టించుకుంటారు. మోడల్ టూల్‌కు ఇచ్చే జేసన్ (డేటాను పేరు, విలువ జతలుగా రాసే తీరు) ఒక్కసారిగా రాదు. ఆంత్రోపిక్ ఏపీఐలో అయినా, ఓపెన్ఏఐలో అయినా అది చిన్న చిన్న స్ట్రింగ్ ముక్కలుగా డెల్టా ఈవెంట్లలో వస్తుంది. మధ్యలో ఎక్కడ ఆపి చూసినా అది చెల్లని జేసనే. అందుకని తెరిచి ఉన్న బ్రాకెట్లను తాత్కాలికంగా మూసి చదివే పార్సర్ వాడతారు. అక్కడే చిక్కు. టికెట్ ధర 1250 అయితే స్క్రీన్ మీద ముందు 1, తర్వాత 12, తర్వాత 125, ఆఖరికి 1250 కనిపించవచ్చు. అర సెకను పాటైనా సరే, ధర దగ్గర తప్పు అంకె చూపించడం నమ్మకాన్ని తినేస్తుంది. నియమం సింపుల్: వాక్యాలను పెరుగుతుండగా చూపించవచ్చు. అంకె, తేదీ, ఐడీ, "ఉంది/లేదు" లాంటి విలువలను మాత్రం అవి పూర్తయ్యాకే చూపాలి. బటన్ అయితే మొత్తం ఇన్‌పుట్ వచ్చేదాకా పనిచేయకూడదు.

క్లిక్ ఎటు వెళ్తుంది? కార్డు చూపించడం సగం పని. సీటు నొక్కితే అది మోడల్‌కు కొత్త మెసేజ్‌గా వెళ్ళాలా, నేరుగా మీ సర్వర్‌కు వెళ్ళాలా?

పేజీ రిఫ్రెష్ చేస్తే ఏం మిగులుతుంది? పాత సంభాషణ తెరిచినప్పుడు అవే కార్డులు మళ్ళీ రావాలంటే, సేవ్ చేసేది డేటానే అయి ఉండాలి, గీసిన బొమ్మ కాదు.

ఎక్కడెక్కడ కనిపించాలి? వెబ్ ఒక్కటేనా, ఆండ్రాయిడ్ యాప్‌లోనూనా, వేరేవాళ్ళ చాట్ యాప్‌లోనూనా?

## మార్క్‌డౌన్ పంపి బ్రౌజర్లో గీయడం

మోడల్ రాసిన మార్క్‌డౌన్‌ను (నక్షత్రాల్లాంటి గుర్తులతో రూపం చెప్పే టెక్స్ట్‌ను) వచ్చింది వచ్చినట్టు గీయడం అన్నిటికన్నా చవక. పట్టికలు, జాబితాలు, లింకులు వరకు బాగానే వస్తాయి. సగం వచ్చిన బోల్డ్ గుర్తులు, మూయని కోడ్ బ్లాకులు మినుకుమినుకుమంటాయి కానీ వాటిని సర్దే లైబ్రరీలు ఉన్నాయి. వెర్సెల్ తెచ్చిన స్ట్రీమ్‌డౌన్ ప్రత్యేకంగా ఆ పనికే పుట్టింది.

జాగ్రత్త పడాల్సింది బొమ్మల విషయంలో. ఏజెంట్ చదివిన ఏదో వెబ్ పేజీలో దాగిన ఆదేశం మోడల్‌ను లొంగదీసి, వినియోగదారుడి సమాచారాన్ని అడ్రసులో దూర్చిన బొమ్మ లింకు రాయించగలదు. బ్రౌజర్ ఆ బొమ్మ తెచ్చుకోవడానికి వెళ్ళిందంటే సమాచారం బయటికి పోయినట్టే, ఎవరూ క్లిక్ చేయనక్కర్లేదు. కాబట్టి బొమ్మలు ఏ డొమైన్ల నుంచి రావచ్చో సీఎస్‌పీలో (పేజీ ఎక్కడి నుంచి ఏం తెచ్చుకోవచ్చో బ్రౌజర్‌కు చెప్పే నియమాల్లో) కచ్చితంగా రాయండి.

జవాబులు చదువుకోవడానికే అయితే ఇక్కడే ఆగిపోండి. ఈ దారిలో కార్డు లేదు, క్లిక్ లేదు, కానీ చాలా ఏజెంట్లకు అవి నిజంగా అవసరమూ లేదు.

## టూల్ కాల్‌ను సొంత కాంపొనెంట్‌కు కలపడం

మోడల్ "బస్సులు చూపించు" అనే టూల్‌ను పిలుస్తుంది. ఆ పేరు రాగానే బ్రౌజర్ మీరు ముందే రాసిపెట్టుకున్న బస్సు కార్డును గీస్తుంది. మోడల్ ఏ కార్డు, ఏ డేటా అన్నదే చెబుతుంది. రంగు, కొలత, బటన్ ప్రవర్తన అన్నీ మీ కోడ్‌లోనే ఉంటాయి.

2025లో వచ్చిన ఏఐ ఎస్‌డీకే 5 (ఏఐ యాప్‌లు కట్టడానికి వెర్సెల్ ఇచ్చే లైబ్రరీ) ఈ పద్ధతికి మంచి ఆకారం ఇచ్చింది. ప్రతి టూల్ కాల్ మెసేజ్‌లో ఒక భాగంగా వస్తుంది, దానికి స్థితి ఉంటుంది: ఇన్‌పుట్ ఇంకా వస్తోంది, ఇన్‌పుట్ పూర్తయింది, ఫలితం వచ్చింది, లోపం వచ్చింది. ఈ నాలుగింటికీ నాలుగు రూపాలు రాస్తే కార్డు పూర్తయినట్టే. ఇన్‌పుట్ వస్తున్నప్పుడు "విజయవాడ → హైదరాబాద్" అన్న శీర్షికతో ఖాళీ చట్రం, పూర్తయ్యాక "వెతుకుతోంది", ఫలితం వచ్చాక అసలు కార్డులు, లోపమైతే మళ్ళీ ప్రయత్నించే బటన్. నాలుగో రూపాన్ని వదిలేస్తే సర్వర్ ఒక్కసారి మొరాయించినా ఆ చట్రం అలా తిరుగుతూనే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ధర, సీట్ల సంఖ్య, బయలుదేరే సమయం మోడల్ చేత టైప్ చేయించకండి. మోడల్ బస్సు ఐడీలు మాత్రమే ఇవ్వాలి, మిగతావన్నీ సర్వర్ డేటాబేస్ నుంచి నింపాలి. టోకెన్లు (మోడల్ రాసే టెక్స్ట్ ముక్కలు) మిగులుతాయి, జవాబు త్వరగా వస్తుంది, మోడల్ అంకెను తప్పుగా రాసే అవకాశమే ఉండదు. 1, 12, 125 గొడవ కూడా పుట్టదు.

క్లిక్ విషయంలోనూ ఈ దారి స్పష్టంగా ఉంటుంది. సీటు ఎంచుకోవడం నేరుగా మీ సర్వర్‌కు వెళ్తుంది, ఏం జరిగిందో ఏజెంట్‌కు టూల్ ఫలితంగా తెలుస్తుంది. సేవ్ అయ్యేది టూల్ పేరు, డేటా మాత్రమే కాబట్టి రిఫ్రెష్ చేసినా కార్డులు మళ్ళీ వస్తాయి. ఆరు నెలల తర్వాత కార్డు డిజైన్ మార్చినా పాత సంభాషణలు కొత్త డిజైన్లో తెరుచుకుంటాయి.

లోటు ఒకటుంది. ప్రతి కొత్త కార్డుకూ కోడ్ రాయాలి, డిప్లాయ్ చేయాలి. పది పన్నెండు రకాల కార్డుల వరకు ఇది భారం కాదు. వందల రకాలైతే అప్పుడు డిక్లరేటివ్ జేసన్ వైపు చూడాలి.

## రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లను స్ట్రీమ్ చేయడం

రియాక్ట్ అంటే వెబ్ స్క్రీన్లను కాంపొనెంట్లతో కట్టే లైబ్రరీ. 2024 మార్చిలో ఏఐ ఎస్‌డీకే 3.0తో ఈ ఆలోచన బాగా ఆకట్టుకుంది. సర్వర్ నేరుగా కాంపొనెంట్‌నే పంపుతుంది, బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది. రాయడానికి నిజంగానే అందంగా ఉంటుంది. కానీ ఆ భాగాన్ని తయారుచేసినవాళ్ళే ప్రయోగాత్మకం అని ముద్ర వేసి, అభివృద్ధి ఆపి, ఇందాక చెప్పిన టూల్ కాల్ పద్ధతికి మారమని డాక్యుమెంటేషన్‌లో రాశారు. వాళ్ళు చెప్పిన కారణాలు గట్టివి: సర్వర్ యాక్షన్‌తో నడిచే స్ట్రీమ్‌ను మధ్యలో ఆపలేం, స్ట్రీమ్ ముగిసినప్పుడు కాంపొనెంట్‌ను మొదటినుంచి మళ్ళీ గీయడం వల్ల మినుకుమంటుంది, ప్రతి అప్‌డేట్‌కూ పాతదంతా మళ్ళీ పంపడం వల్ల డేటా పెరిగిపోవచ్చు.

దీనికి తోడు 2025 డిసెంబర్‌లో రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లలో సీవీఈ-2025-55182 అనే లోపం బయటపడింది. లాగిన్ కూడా లేకుండా సర్వర్ మీద కోడ్ నడిపించగల లోపం అది, తీవ్రత పదికి పది. దాన్ని సరిచేశారు. మీ సైటు రియాక్ట్ మీద నడిచే నెక్స్ట్‌జేఎస్‌తో కట్టినదైతే ఏజెంట్ సంగతి ఎలా ఉన్నా వెర్షన్ చూసుకోండి. కొత్తగా మొదలుపెట్టే ఏజెంట్ యూఐకి మాత్రం ఈ దారి నేను సూచించను.

## డిక్లరేటివ్ జేసన్

మోడల్ లేఅవుట్‌నే జేసన్‌గా రాస్తుంది: ఒక కార్డు, అందులో ఒక వరస, అందులో ఒక బటన్. క్లయింట్ దగ్గర అనుమతించిన కాంపొనెంట్ల కేటలాగ్ ఉంటుంది, అందులో లేనిదాన్ని గీయదు. ఆలోచన కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్ అడాప్టివ్ కార్డ్స్ 2017 నుంచీ ఉన్నాయి, టీమ్స్ వాడేవాళ్ళు రోజూ చూసేవే.

ఏ2యూఐలో నాకు నచ్చింది దాని నిర్మాణం. కాంపొనెంట్లను ఒకదానిలో ఒకటి దూర్చిన చెట్టులా కాకుండా చదునైన జాబితాగా రాయిస్తుంది, పిల్లలను ఐడీలతో చూపిస్తుంది. దాంతో జాబితాలో ఒక్కో అంశం పూర్తికాగానే దాన్ని గీసేయవచ్చు. లోతుగా దూర్చిన చెట్టయితే చివరి బ్రాకెట్ వచ్చేదాకా ఆగాల్సి వస్తుంది. డేటాను లేఅవుట్ నుంచి వేరుగా ఉంచుతుంది కాబట్టి ధర మారితే ఆ విలువ ఒక్కటే పంపితే చాలు. ఫ్లటర్‌లోనూ వెబ్‌లోనూ అదే జేసన్‌ను స్థానిక కాంపొనెంట్లతో గీయవచ్చు.

బదులుగా ఇవ్వాల్సిందీ ఉంది. లేఅవుట్ రాయడానికి మోడల్ చాలా టోకెన్లు ఖర్చు చేస్తుంది, ప్రతిసారీ ఒకేలా రాయదు కూడా. నిన్న ధర కుడివైపు ఉంటే ఇవాళ కింద ఉండవచ్చు. రోజూ టికెట్ కొనేవాళ్ళకు అది చిరాకు. రకరకాల రిపోర్టులు చూసే ఆఫీసు టూల్‌కైతే అదే వరం. డబ్బు కట్టే చోట లేఅవుట్ మోడల్ చేతికి ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

## హెచ్‌టీఎమ్‌ఎల్ ముక్కలు

జాంగో, రైల్స్, ఫీనిక్స్ (సర్వర్‌లోనే పేజీలు తయారుచేసే ఫ్రేమ్‌వర్కులు) వాడే టీములు దీన్ని ముందు చూడాలి. హెచ్‌టీఎమ్‌ఎక్స్‌కు ఎస్‌ఎస్‌ఈ ఎక్స్‌టెన్షన్ ఉంది, రైల్స్‌కు టర్బో స్ట్రీమ్స్ ఉన్నాయి, ఫీనిక్స్‌కు లైవ్‌వ్యూ ఉంది. ఏజెంట్ టూల్ ఫలితాన్ని సర్వర్ తన టెంప్లేట్‌లో పోసి ముక్కగా పంపుతుంది, బ్రౌజర్ దాన్ని సరైన చోట అతికిస్తుంది. క్లిక్ మామూలు ఫారం పోస్టే. రియాక్ట్ తెలియని ఇద్దరు ముగ్గురు డెవలపర్ల టీము వారంలో పని చేసే ఏజెంట్ నిలబెట్టగలదు.

రెండు షరతులు. హెచ్‌టీఎమ్‌ఎల్ రాసేది టెంప్లేటే కావాలి, మోడల్ కాకూడదు. మోడల్ మాటలు ఎస్కేప్ అయ్యాకే, అంటే కోడ్‌గా నడవకుండా మార్చాకే, లోపలికి రావాలి. రెండోది, ప్రయాణికుడు పేరు టైప్ చేస్తుండగా కొత్త ముక్క వచ్చి ఆ ఫారాన్ని తుడిచేయకుండా చూసుకోవాలి.

## ఐఫ్రేమ్ లోపల యాప్

ఇది వేరే అవసరం. మీ యూఐ మీ సైటులో కాదు, ఇంకొకరి చాట్ యాప్‌లో కనిపించాలి. ఎంసీపీ అంటే మోడల్‌ను బయటి టూల్స్‌తో కలిపే ప్రమాణం. దాని మీద ఎంసీపీ యాప్స్ ప్రతిపాదన 2025 నవంబర్‌లో వచ్చింది. మీ సర్వర్ హెచ్‌టీఎమ్‌ఎల్ ఇస్తుంది, చాట్ యాప్ దాన్ని శాండ్‌బాక్స్ చేసిన ఐఫ్రేమ్‌లో (పేజీ లోపల కంచె వేసిన వేరే పేజీలో) తెరుస్తుంది, రెండూ పోస్ట్‌మెసేజ్ ద్వారా మాట్లాడుకుంటాయి. బయటి కోడ్‌ను లోపలికి రానిచ్చే ఏ చోటైనా ఈ కంచె ఉండాల్సిందే. ఎత్తు సర్దడం, థీమ్ కలపడం, ఫోన్లో స్క్రోల్ ఇవన్నీ ఐఫ్రేమ్‌తో విసిగిస్తాయి. సొంత సైటులో సొంత కార్డు చూపించడానికి ఈ భారం మోయనవసరం లేదు.

## ఒక్కచోట చూస్తే

| దారి | స్క్రీన్ మీద అధికారం | సగం డేటా | రిఫ్రెష్ తర్వాత | ఎవరికి |
|---|---|---|---|---|
| మార్క్‌డౌన్ | మోడల్, టెక్స్ట్ వరకే | సులువు | పూర్తిగా తిరిగొస్తుంది | చదివే జవాబులకు |
| టూల్ కాల్ + సొంత కాంపొనెంట్ | మీ కోడ్ | స్థితుల వారీగా మీరే నడపాలి | డేటా నుంచి మళ్ళీ గీస్తుంది | ఎక్కువ ప్రొడక్టులకు |
| సర్వర్ కాంపొనెంట్లు | మీ సర్వర్ | మినుకుమనే సమస్య | అదనపు పని | కొత్త ప్రాజెక్టులకు వద్దు |
| డిక్లరేటివ్ జేసన్ | కేటలాగ్ హద్దులో మోడల్ | చదునైన జాబితా అయితే బాగుంటుంది | జేసన్ సేవ్ చేస్తే చాలు | ఎన్నో రకాల స్క్రీన్లు, పలు ప్లాట్‌ఫారాలు |
| హెచ్‌టీఎమ్‌ఎల్ ముక్కలు | మీ టెంప్లేట్ | ముక్క పూర్తయ్యాకే వస్తుంది | సర్వర్ మళ్ళీ గీస్తుంది | రియాక్ట్ లేని చిన్న టీములకు |
| ఐఫ్రేమ్ | బయటి యాప్, కంచె లోపల | ఆ యాప్ చూసుకోవాలి | హోస్ట్‌ను బట్టి | వేరేవాళ్ళ చాట్‌లో చేరేవాళ్ళకు |

ఒకే ప్రొడక్టులో రెండు దారులు కలపడం తప్పేమీ కాదు. వివరణ మార్క్‌డౌన్‌లో, కార్డులు టూల్ కాల్ ద్వారా వస్తే చక్కగా కుదురుతుంది. సొంత కాంపొనెంట్లతో మొదలుపెట్టి, రిపోర్టుల పేజీకి మాత్రమే డిక్లరేటివ్ జేసన్ తేవచ్చు. ఏజీ-యూఐ లాంటి ఈవెంట్ల పొర ఎప్పుడు కావాలంటే, వెనుక ఏజెంట్ ఫ్రేమ్‌వర్కులు ఒకటికి మించి ఉన్నప్పుడు, లేదా రేపు మారుస్తామన్న అనుమానం ఉన్నప్పుడు. ఒకే ఫ్రేమ్‌వర్కు, ఒకే వెబ్ యాప్ అయితే అది అదనపు బరువు.

## తెలుగులో స్ట్రీమ్ చేసేవాళ్ళకు

ఏ దారి ఎంచుకున్నా తెలుగు జవాబులకు రెండు పనులు తప్పవు.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. నెట్‌వర్క్ ముక్క ఆ మూడింటి మధ్యలో తెగిందంటే ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనిపిస్తుంది. ఇంగ్లీషులో టెస్ట్ చేస్తే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. ఫెచ్ స్ట్రీమ్‌ను మీరే చదువుతుంటే టెక్స్ట్ డీకోడర్‌కు స్ట్రీమ్ ఆప్షన్ ట్రూ అని ఇవ్వండి, మిగిలిన బైట్లను అది దాచుకుని తర్వాతి ముక్కతో కలుపుతుంది.

రెండోది ఒత్తుల సమస్య. "బస్సు" వస్తున్నప్పుడు ముందు "బస", తర్వాత "బస్", తర్వాత "బస్స", ఆఖరికి "బస్సు". ఒక్కో అడుగులో అక్షరం ఆకారం మారి, కళ్ళ ముందు గెంతుతుంది. అక్షర సమూహాలను విడదీసే జావాస్క్రిప్ట్ ఇంటల్ సెగ్మెంటర్ వాడవచ్చు గానీ తెలుగు సంయుక్తాక్షరాలను ఒకే సమూహంగా చూసే నియమం 2023 నాటి యూనికోడ్ 15.1లో వచ్చింది, పాత ఫోన్లు దాన్ని పాటించవు. మాటల మధ్య ఖాళీ వచ్చేదాకా ఆగి, మాట మొత్తం ఒకేసారి చూపడం దానికన్నా తేలిక. ఏఐ ఎస్‌డీకేలోని స్మూత్ స్ట్రీమ్ మామూలుగా చేసేది అదే.

## రవాణా దగ్గర దెబ్బతినే చోట్లు

ఎస్‌ఎస్‌ఈ చాలు. ఆడియో లాగా రెండువైపులా ఒకేసారి పారాల్సింది ఉంటేనే వెబ్‌సాకెట్ ఆలోచించండి. కాకపోతే బ్రౌజర్లోని ఈవెంట్‌సోర్స్ గెట్ రిక్వెస్టులే పంపుతుంది, సొంత హెడర్లు పెట్టనివ్వదు. అందుకే చాలా లైబ్రరీలు పోస్ట్ చేసిన ఫెచ్ జవాబులోనే ఎస్‌ఎస్‌ఈ ఆకారాన్ని చదువుతాయి. హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్ ఒక డొమైన్‌కు ఆరు కనెక్షన్లకు మించి తెరవదు. ఎక్కువ ట్యాబులు తెరిచే ఆఫీసు టూల్ అయితే హెచ్‌టీటీపీ 2 తప్పనిసరి.

లోకల్‌లో పారిన స్ట్రీమ్ సర్వర్ మీద పెట్టగానే ఒక్కసారిగా చివర్లో వచ్చి పడుతోందంటే ముందు ఎన్‌జింక్స్ (మీ యాప్ ముందు నిలబడే ప్రాక్సీ సర్వర్) బఫరింగ్‌ను, అంటే డేటాను పోగుచేసి పంపడాన్ని, అనుమానించండి. ప్రాక్సీ బఫరింగ్ ఆపాలి, లేదా ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ హెడర్‌ను "నో" అని పంపాలి. జీజిప్ కుదింపు కూడా ఇలాగే స్ట్రీమ్‌ను ఆపేయవచ్చు. ఎన్‌జింక్స్ వెనుక సర్వర్ 60 సెకన్లు ఏమీ పంపకపోతే డిఫాల్ట్‌గా కనెక్షన్ తెంచేస్తుంది. ఏజెంట్ ఏదో టూల్ దగ్గర ఆలోచిస్తూ ఉండిపోతే ఆ నిశ్శబ్దం తేలిగ్గా నిమిషం దాటుతుంది. పదిహేను సెకన్లకో ఖాళీ కామెంట్ లైన్ పంపితే సరిపోతుంది.

ఇక కనెక్షన్ తెగడం. బస్సు ఎక్కినవాడి ఫోన్లో సిగ్నల్ పోతుంది, అది మినహాయింపు కాదు, మామూలు పరిస్థితి. ఏజెంట్ రన్‌ను బ్రౌజర్ కనెక్షన్‌కు కట్టేయకండి. రన్ సర్వర్ మీద తనంతట తాను నడవాలి, ఈవెంట్లు వరస నంబర్లతో ఎక్కడో నిలవాలి, బ్రౌజర్ తిరిగొచ్చి "నాకు 41 వరకు వచ్చాయి" అంటే 42 నుంచి పంపాలి. అలా మళ్ళీ పంపేటప్పుడు కార్డు రెండుసార్లు గీస్తే కన్ను చిట్లించి ఊరుకుంటారు, టికెట్ రెండుసార్లు బుక్ అయితే ఊరుకోరు. అందుకే బుక్ చేసే బటన్‌కు ఐడెంపొటెన్సీ కీ కార్డు పుట్టినప్పుడే ఇచ్చేయండి. ఆ కీతో ఎన్ని రిక్వెస్టులు వచ్చినా సర్వర్ ఒక్క టికెట్టే ఇవ్వాలి.